ఒక గొలుసు దూరం

దయ్యాలంటే నాకు ముందునుంచీ నవ్వులాటే. కొలతకు అందనిది లేదనుకునే ఉద్యోగం నాది. పాకాల దగ్గర గ్రామ సర్వేయర్‌ని.

మా నాయన కూడా సర్వేలో భూమి కొలిచే ఇనుప గొలుసు లాగేవాడు. సాయంత్రం వీధి మొదట్లో ఆ గలగల వినిపిస్తే అమ్మ సంగటికి ఎసరు పెట్టేది. నేనైతే ఆ చప్పుడంటే చెవి కోసుకునేదాన్ని. పొద్దున వెళ్లేటప్పుడు మా పొయ్యిలోని బొగ్గులు సంచిలో వేసుకునేవాడు. వాటిని సర్వే రాయి కింద పూడ్చేవాళ్లు. రాయిని ఎవరైనా పీకేసినా బొగ్గు చివకదు, చోటు తెలుస్తుంది.

పోయిన వేసవిలో ఖాదర్‌బీ అనే పెద్దామె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చిన్నప్పుడు వాళ్లున్న పల్లె ఖాళీ అయిపోయింది, పక్కనున్న వంక పూడిపోయింది. ఇప్పుడంతా మామిడితోట. వంక మలుపులో, సర్వే రాయి పక్కన వాళ్లమ్మ గోరీ ఉండేదట. తోట యజమాని చెట్లు తీసేసి నేల చదును చేయిస్తున్నాడు. ఆ సాయంత్రంలోగా చోటు చూపిస్తే అంతమేర వదిలేస్తానన్నాడు.

పల్లె, వంక, రాయి అన్నీ పాత పటంలో ఉన్నాయి. ఆ పటానికి గొలుసు లాగింది మా నాయనే. గొప్పగా ఆ కొలతలు జీపీఎస్ యంత్రంలో వేసి, అది చూపిన చోట తవ్వించాను. ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు.

ఖాదర్‌బీ ఏడవలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

అప్పుడు వినిపించింది, గులకరాళ్ల మీద గొలుసు ఈడుస్తున్న చప్పుడు. మిట్టమధ్యాహ్నం. మేమిద్దరం, బుల్డోజర్ డ్రైవర్ తప్ప ఎవరూ లేరు. చప్పుడు వెంట నడిచి, అది ఆగిన చోట ఆగాను. చూస్తే నా పక్కనే ఖాదర్‌బీ.

"ఈడనేమ్మా. వంక నీళ్ల సద్దు ఈడికొచ్చి ఆగిపోయినాది," అంది.

నేను గొలుసు సంగతి చెప్పలేదు. తవ్వించాను. మూడడుగుల లోతున బొగ్గులు. పక్కనే వరసగా పేర్చిన గోరీ రాళ్లు. ఆమె తలమీద కొంగు కప్పుకుని దువా చేసుకుంది. ఏడ్చింది నేను.

తర్వాత మొదటి గుంత నుంచి టేపుతో కొలిచాను. అరవై ఆరు అడుగులు, సరిగ్గా ఒక గొలుసు దూరం.

నాయన చివరి రోజుల్లో మంచంలో ఒకటే మాట అనేవాడు. "వంక కాడ ఒక గొలుసు లెక్క తప్పినానమ్మా. పోయి సరిచేసి రావల్ల." జ్వరంలో పలవరింత అనుకున్నాం.

ఆ మాటే మనసులో ఉండి నన్ను నడిపించిందేమోనని సర్దిచెప్పుకుంటాను. మరి ఖాదర్‌బీని నడిపించింది ఏమిటి? డ్రైవర్‌కు ఏమీ వినిపించలేదట.

కొత్త పటంలో ఆ రాయిని దాని అసలు చోట గుర్తు పెట్టాను. గొలుసు చప్పుడు మళ్లీ వినిపించలేదు. ఒక్కసారి వినిపిస్తే బాగుండునని ఉంటుంది.