సాలూరు సర్వరు దొరకలేదు

రేపు మధ్యాహ్నం ఒంటిగంటకు నా ఎంసీఏ ప్రాజెక్టు పరీక్ష. సాలూరు లారీ ఆఫీసు సర్వరులో ఉన్న బళ్ల పట్టికను విజయనగరం సర్వరులోని సరుకుల పట్టికతో కలిపి చూపించాలి. రోజూ పొద్దున్నే చేసేదాన్ని, చక్కగా కలిసేవి. ఈ రోజు పరీక్ష వేళకే ఒకసారి చేసి చూద్దామని కూర్చున్నాను. "సర్వరు దొరకలేదు" అని తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి.

పాస్‌వర్డు సరిచూశాను. ఫైర్‌వాల్ తెరిచాను. పోర్టు నంబరు మూడుసార్లు మార్చి కొట్టాను. అదే మాట. పట్టికలన్నీ నేనే చెరిపేశానేమో అనిపించింది. సాలూరుకు ఫోన్ చేశాను. అక్కడి గుమాస్తా అప్పన్న గారు పాతికేళ్లు లారీ నడిపిన మనిషి.

"దాన్ని నేనే ఆపీసినానమ్మా. పొద్దుట్నుంచి నడుస్తన్నాది, ఇంజను సల్లారొద్దేటి? రోజూ ఈ ఏలకి ఆపుతాను."

"రేపు మాత్రం ఆపకండి బాబాయ్! నా మార్కులన్నీ దాని మీదే ఉన్నాయి."

"ఆపకపోతే కాలిపోతాది కదమ్మా... సర్లే, నీకోసం ఆపను. బయపడకు, తడిగోనె కప్పీసి ఉంచుతాను."

"వద్దు" అన్నది ఎంత చిన్న మాట! అది నా నోటి నుంచి వచ్చేలోపే ఆయన ఫోన్ పెట్టేశారు. అప్పటి నుంచి పదిసార్లు చేశాను, ఎత్తడం లేదు. సాలూరులో స్నేహితులెవరైనా ఉంటే, దయచేసి వెళ్లి ఆ గోనె తీసేసి ఇక్కడ ఒక్క ముక్క రాయండి.