అమ్మ చదివిన కోడ్

మా పక్కింటి టీచరమ్మ రాత్రి నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారని ఆదివారం ఆరాధన మొదలుకాకముందే పాస్టర్ గారు చెప్పారు. తర్వాత పాడిన కీర్తన ఏదో నాకు గుర్తులేదు.

మా ద్వీపంలో, రంగత్ బడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పి రిటైరైన మనిషి. మెయిల్ తెరుచుకోకపోతే సంఘంలో సగం మంది ఆమె వరండాకే వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళ ఫోన్ మాత్రం ఆమె ముట్టుకునేది కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, "నీ ఫోను, నీ వేళ్ళు" అనేది. విసుక్కుంటే అల్లం టీ ఇచ్చి మళ్ళీ మొదటినుంచి చేయించేది.

డిగ్రీ అయ్యాక నేను ఇంట్లో చిక్కుకుపోయాను. నాకు ద్వీపంలోనే గవర్నమెంట్ ఉద్యోగం రావాలని అమ్మ ప్రతి వారం ప్రభువు గుడిలో ప్రార్థన చేయమని అడిగేది. పక్కనే కూర్చుని నేను హైదరాబాద్ కోసం ప్రార్థించేదాన్ని. ఉద్యోగాల కబుర్లన్నీ వచ్చేది అక్కడికే కాబట్టి, నా దారంతా మెయిల్‌లోనే ఉంది. నెట్‌వర్క్ పోయినప్పుడల్లా ఓటీపీ మెసేజ్ రాక నేను పిచ్చెక్కిపోతుంటే, టీచరమ్మ అరనిమిషానికో కొత్త కోడ్ నంబరు చూపించే అథెంటికేటర్ యాప్ పెట్టించింది. దానికి సిగ్నల్ అక్కర్లేదట, నడిసముద్రంలో ఓడ మీద కూడా నంబరు చూపిస్తుందట.

నేను అతిజాగ్రత్తకు పోయాను. మెయిల్ చూసిన ప్రతిసారీ లాగౌట్ చేయడం, మళ్ళీ కోడ్ కొట్టడం, తిట్టుకోవడం. ఆమె నవ్వింది.

"ఏటమ్మా, సొంతింట్లోకి ఎవరైనా రోజూ ఆధార్ చూపించి వెళ్తారా? ఈ లాప్‌టాప్ నాదేనని దానికి ఒక్కసారి చెప్పు, బస్, అంతే. కొత్త చోట తెరిస్తేనే అడుగుతుంది."

యాప్ పెట్టేటప్పుడు వచ్చిన క్యూఆర్ కోడ్‌నే ఇంకో ఫోన్‌లో కూడా స్కాన్ చేయమంది, ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని. మీ ఫోన్‌లో పెడతానన్నాను. ఒప్పుకోలేదు. అమ్మ ఫోన్‌లో పెట్టమంది. నన్ను వెళ్ళనివ్వని మనిషి చేతికే తాళం ఇమ్మంటారేంటని పోట్లాడి, చివరికి పెట్టాను.

ఈ వర్షాల్లో నా ఫోన్ జెట్టీ దగ్గర నీళ్ళలో పడిపోయింది. లాప్‌టాప్ అప్పుడే రిపేరు నుంచి అన్నీ చెరిగిపోయి ఖాళీగా వచ్చింది, నన్ను ఎరగనట్టు కోడ్ అడిగింది. హైదరాబాద్ ఇంటర్వ్యూకి వస్తానో రానో సాయంత్రంలోగా జవాబివ్వాలి. టీచరమ్మను వెంటబెట్టుకుని అమ్మ దగ్గరికి పరిగెత్తాను.

అమ్మ చేపలు కోస్తున్న చేతులు కడుక్కుని ఫోన్ తీసింది. నంబరు చూసింది. చదవలేదు. అది మారిపోయింది. ఇంకోటి వచ్చింది, అదీ మారిపోయింది. లాక్కుందామని చెయ్యి చాపాను. టీచరమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"చదవకపోతే ఏటవుద్ది చెల్లీ? ఇంకో నంబరొస్తాది. పిల్ల కూడా అంతే, ఇంకో దారి చూసుకుంటాది. నువ్వు చదివితే నీకు చెప్పి వెళ్తాది."

"మీకేం దీదీ, మీరలాగే అంటారు" అంది అమ్మ. ఫోన్ కళ్ళ దగ్గరికి పట్టుకుని, గుడిలో వాక్యం చదివే గొంతుతో, "ఛే, సాత్, నౌ..." అని హిందీ అంకెల్లో మొదలుపెట్టింది. నేను కొట్టాను. మెయిల్ తెరుచుకుంది. అమ్మ మళ్ళీ చేపల ముందు కూర్చుంది. టీచరమ్మ కూడా పక్కన పీట వేసుకుని, పొలుసు తీయడం మొదలుపెట్టింది.

ఉద్యోగం వచ్చింది. వైజాగ్ ఓడ తేదీ మాత్రం ఇంకా ప్రకటించలేదు. విమానానికి మా తాహతు చాలదు. సంచి సర్దుకుని కూర్చున్నాను. రోజూ అదే సముద్రం, అదే వాన. ఈలోగా ఆమె వెళ్ళిపోయింది.

సోమవారం సమాధి చేశాం. అందరూ ఇళ్ళవైపు తిరిగితే అమ్మ బజారువైపు నడిచింది. ఎందుకో తెలియక వెనకే వెళ్ళాను. ఓడ టికెట్ల కౌంటర్ మూసి ఉంది. గుప్పెడు మట్టి వేసిన చేతిని అమ్మ ఇంకా కడుక్కోలేదు. కొంగు నెత్తిన కప్పుకుని, వానలో, ఆ చేత్తోనే మూసిన కిటికీ తడుతోంది.