తోడల్లుడి బండి ఆగలేదు

ఆ రోజుల్లో, అంటే మా కోనసీమలో ఇంటింటికీ మోటారుసైకిలు రాకముందు, అత్తారింటికి ఒక్కగానొక్క అల్లుడుగా ఉండటాన్ని మించిన వైభోగం లేదు. అమలాపురంలో నా గుమాస్తా బతుకును పలకరించే దిక్కు లేకపోయినా, కొత్తపేట దగ్గర అత్తారి ఊళ్ళో బస్సు దిగితే చాలు, రాజునే. చేప తల నాది, అరుగు మీద పడక్కుర్చీ నాది. అలా మూడేళ్ళు ఏలుకున్నాక మా మరదలికి పెళ్ళయి, తోడల్లుడు దిగాడు. ఉత్తినే దిగాడా, ఎర్రటి మోటారుసైకిలు మీద దిగాడు! (నేను ఆ పొద్దున్నే బస్సులో నిలబడి వచ్చాను. చొక్కాకి ఎవరిదో రొయ్యల బుట్ట మరక కూడా.)

బండి వాకిట్లో ఆగింది గానీ ఇంజను ఆగలేదు. అతను తాళంచెవి తిప్పి తీసి జేబులో వేసుకున్నా అది డుగడుగలాడుతూనే ఉంది. మళ్ళీ పెట్టాడు, తిప్పాడు, తీశాడు. ఊఁహూఁ. ఇంట్లోవాళ్ళూ పక్కింటివాళ్ళూ మూగారు. నా కడుపులో చల్లగా కొబ్బరినీళ్ళు పోసినట్టయింది. ఇంతలో మావయ్యగారు మురిసిపోతూ, "బండికెంత సత్తువుందో చూసేరా! తాళం తీసినా ఆగట్లేదండి" అన్నారు. చెడిపోయిన బండికి కూడా మెప్పేనా!

ఉండబట్టలేక "తప్పుకోండి, నేను చూస్తాను" అన్నాను. సైకిలు గొలుసు ఎక్కించడం తప్ప నాకు వేరే విద్య రాదు. పెట్రోలు కట్టేస్తే ఆగక చస్తుందా అని ట్యాంకు కింద మర తిప్పాను. అది కట్టే వైపు కాదట, రిజర్వు వైపట. "అన్నయ్యగారూ, ఆగలేదండి" అన్నాడు తోడల్లుడు వినయంగా. ఆ వినయానికి నాకు ఇంకా మండింది. ఇంజనుకు తగిలించి ఉన్న నల్లటి తీగ పట్టుకుని ఒక్క లాగు లాగాను. దాన్ని ప్లగ్గు వైరంటారని తర్వాత తెలిసింది గానీ, అందులో కరెంటుంటుందని అప్పుడే తెలిసింది. "ఓరి నాయనో!" అని ఎగిరి అరటిపాదులో పడ్డాను. తీగ ఊడలేదు, నేనే ఊడాను.

చివరికి అతనే బండిని గేరులో వేసి, బ్రేకు నొక్కిపట్టి, క్లచ్చి వదిలాడు. ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. "ఆయ్! చిన్నల్లుడుగారికి తెలీందంటూ లేదండి" అన్నారు పక్కింటి పిన్నిగారు. పాదులోంచి విన్నాను.

భోజనాలయ్యాక అతను నా చేతికి నూనె రాస్తూ, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరితోనూ అనకండేం అన్నయ్యగారూ. బండి నాది కాదండి, ఫ్రెండుని అడిగి తెచ్చేను. స్విచ్చి వైరు తెగిపోయింది, గేరులో వేసి ఆపమని వాడు చెప్పేడండి. మిమ్మల్ని చూసేసరికి కంగారులో మర్చిపోయేను."

"నన్ను చూసి కంగారేమిటయ్యా?"

"పెళ్ళయిన కాణ్ణించీ మా ఆవిడ, మా బావగారు ఇలాగ, మా బావగారు అలాగ అని ఒకటే పాటండి. కుళ్ళుకుని చచ్చేననుకోండి! బస్సు దిగి వస్తే మీ ముందు నేనేం ఆనుతానండి?"

చేతి మంట ఎటు పోయిందో తెలియదు. ఆ సాయంత్రం అతని వెనక కూర్చుని బస్సు కోసం బయల్దేరుతూ, "కాస్త బజారులోంచి పోనీయవయ్యా తమ్ముడూ" అన్నాను, రొమ్ము విరుచుకుని.

తర్వాత నేనూ బండి కొన్నాను, ప్రమోషన్లూ వచ్చాయి. అయినా నన్ను చూసి అంత మనస్ఫూర్తిగా కుళ్ళుకున్న మనిషి మళ్ళీ ఒక్కడు కూడా తారసపడలేదు.