పసుపు కింద నీలం

ఇందాక ఫోన్లో ఒక బొమ్మ చూసి చెయ్యి ఆగిపోయిందండి. మన చిన్నప్పుడు రైసుమిల్లు కేలండర్ల మీద విదేశీ కలువల చెరువు బొమ్మ ఉండేది, గుర్తుందా? మండపేటలో మా నాన్నమ్మ మంచం పక్క గోడకి అదే. "దగ్గర్నుంచి అన్నీ మరకలేనే. గుమ్మం దగ్గరికెళ్ళి చూడు, చెరువు కనిపిస్తుంది" అనేది.

ఆ కలువలు వేసిన ఫ్రెంచి చిత్రకారుడే ఈ ఫోన్లో బొమ్మా వేశాడట. చనిపోయిన భార్య ముఖం. పక్కన కూర్చుని ఆ ముఖంలో మారే రంగులు వెతుకుతున్నానని తెలిసి తనకే భయమేసిందట.

తాతయ్య ఉండగానే నాన్నమ్మ పోయింది. పుణ్యస్త్రీ అని అత్తయ్య ముఖమంతా పసుపు రాసింది. తెల్లారేకొద్దీ ఆ పసుపు కింద నీలం తేలింది, పెదవుల దగ్గర బూడిదరంగు. నేను రెప్ప వెయ్యలేదు.

"ఏంటే ఆ చూపు? ఏడవ్వేంటి?" అంది అత్తయ్య.

లేచి గుమ్మం దగ్గరికెళ్ళి చూశాను. అక్కణ్ణుంచి చూసినా మరకలే. నాన్నమ్మ కనపడలేదు.

ఇప్పుడు ఫోన్ని బల్లకానించి, గుమ్మం దగ్గర నిలబడ్డాను.

ఆ ఫ్రెంచావిడ లేదండి. మా నాన్నమ్మ పడుకునుంది.