కవలల్లో రెండో ఆవిడ స్కాన్

2023 వర్షాకాలం. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో ఎంఆర్ఐ టెక్నీషియన్‌గా నాకది పదకొండో ఏడు. ఆ ఉదయం లోపలికొచ్చిన మనిషిని చూసి, "మళ్లీ వచ్చారేంటి దుర్గగారూ?" అన్నాను.

"దుర్గ మా అక్కండి. నేను లక్ష్మిని. కవలలం."

మూడు నెలల క్రితం దుర్గకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాల పైపొరను దెబ్బతీసే జబ్బది. అక్కచెల్లెళ్లిద్దరూ ఆత్రేయపురంలో పూతరేకులు తీస్తారు. రేకు తీసే వేడి కుండ తగిలి కాలుతున్నా దుర్గ చేతికి తెలియకపోవడంతో జబ్బు బయటపడింది. ఇప్పుడు లక్ష్మి వేళ్లలోనూ తిమ్మిర్లు.

"ఇద్దరం ఒకే పోలికండి. నాకూ వచ్చేసిందంటారా?"

"డాక్టరుగారు చెబుతారమ్మా" అని పడుకోబెట్టాను.

దుర్గ మెదడులోని తెల్లమచ్చలు నాకింకా గుర్తే. లక్ష్మి స్కాన్‌లో నా కంటికి ఒక్కటీ కనబడలేదు. కానీ స్కాన్ చదివి చెప్పాల్సింది రేడియాలజిస్టు. నేను నోరు విప్పకూడదు. మొహంలో సంతోషం బయటపడుతుందేమోనని, ఆవిడ బయటికొస్తుంటే తలెత్తకుండా కాగితాలు సర్దుతూ కూర్చున్నాను.

గంట తర్వాత చూస్తే వరండాలో ఫోన్ పట్టుకుని ఏడుస్తోంది. "నాకూ వచ్చేసిందక్కా. స్కాన్ తీసినాయన నా మొహం కూడా చూడలేకపోయారు. ఇక నిన్నెవరు చూస్తారే?"

పరుగెత్తి రేడియాలజిస్టుగారిని బతిమాలి రిపోర్టు త్వరగా రాయించి, ఆవిడను న్యూరాలజిస్టు గదికి తీసుకెళ్లాను.

"మచ్చలేమీ లేవమ్మా," అన్నారు డాక్టరుగారు. "జన్యువులు ఒకటే కాబట్టి మీకు మిగతావాళ్లకంటే ముప్పు ఎక్కువే. అయినా ఇలాంటి కవలల్లో ఒకరికి వచ్చినా, రెండోవాళ్లలో ఎక్కువమందికి రాదు. తిమ్మిర్లకి బి12 విటమిన్ పరీక్ష చేయిద్దాం."

"ఇక ఎప్పటికీ రాదాండీ?"

"ఆ మాట నేనివ్వలేనమ్మా. కొత్తగా ఏమనిపించినా వెంటనే రండి."

బయటికొచ్చి మళ్లీ ఫోన్ చేసింది. "అక్కా, నాకు లేదంట" అంటూనే ఏడ్చేసింది. ఆ మాట దుర్గతో అనడానికి సిగ్గుపడినట్టు నేల చూస్తోంది. అటునుంచి దుర్గ గట్టిగా అనడం నాకూ వినబడింది: "ఏడుస్తావేంటే పిచ్చిదానా! ఒక్కదానికి చాలదా?"

లక్ష్మికి బి12 తక్కువని తర్వాత తెలిసింది.

ఆ రోజు నుంచి స్కాన్‌కి ముందే ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను: "బాగున్నా బాగోకపోయినా నేనేమీ చెప్పనండి. నా మొహం చూసి ఏదీ అనుకోకండి." అది చెప్పాక, వాళ్లు స్కాన్ బల్ల మీంచి దిగేటప్పుడు కళ్లలోకి చూసే చెయ్యందిస్తాను.