ఫైర్ అలారం, చిల్లుల బనీను

ఈ సాయంత్రం న్యూ టౌన్‌లోని మా అపార్ట్‌మెంటులో ఫైర్ అలారం మోగింది. చిల్లుల బనీను మీద వేసుకోవడానికి చొక్కా వెతుకుతుంటే, "ముందు పదండి!" అని మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

కింద మగాళ్లందరూ బనీన్లతోనే ఉన్నారు. ఎప్పుడూ ఇస్త్రీ కుర్తాలో కనిపించే మా బెంగాలీ సెక్రటరీ దాదా, అదే అన్నగారి బనీనుకి నా బనీనుకన్నా పెద్ద చిల్లు. నన్ను చూసి ఆయన చేతులు కట్టుకున్నారు. నేనూ కట్టుకున్నాను.

ఎవరింట్లోనో చేపలు మాడాయట, అంతే.

పైకొచ్చాక, "బీరువాలో కొత్త బనీన్లున్నాయిగా, ఒకటి తియ్యవే" అన్నాను.

"అవి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వేసుకోవడానికి. ఇంట్లో చిల్లులు ఎవరు చూస్తారండీ?" అంది.

ఇప్పుడే అపార్ట్‌మెంటు మొత్తం చూసింది. మీ బీరువాలో కొత్త బనీన్లు ఏ డాక్టరు కోసం ఎదురుచూస్తున్నాయో మీరూ చెప్పండి.