స్టేటస్ వీడియోల మనిషి

ఆమదాలవలస స్టేషన్ ఎదుట సెల్ షాపు నడిపే అతను, జనం ఫోన్లలోని ఫొటోలకు పాట కలిపి ముప్పై సెకన్ల వాట్సాప్ స్టేటస్ వీడియోలు చేసి ఇచ్చేవాడు. ఏ ఫొటో తాకేముందైనా "ఈయనున్నాడా, పోనాడా?" అని అడిగేవాడు. ఒకసారి బతికున్న ముసలాయన ఫొటోకి దండ వేసేశాడట. "నా దినానికి నన్ను పిలవలేదేటిరా?" అంటూ ఆ ముసలాయనే షాపు మీదికొచ్చాడట.

నేను రీచార్జికి వెళ్లిన ఓ మధ్యాహ్నం, తీరం నుంచి ఒకామె వచ్చింది. చేపల వేటకెళ్లిన ఆమె భర్త పడవ నాలుగు రోజులైనా తిరిగి రాలేదు. పడవ అటు కొట్టుకుపోయిందేమోనని, ఒడిశా రేవుల్లోని వాళ్లకు పంపడానికి వీడియో కావాలంది. అలవాటు కొద్దీ అతను అడిగేశాడు.

"ఈయనున్నాడా, పోనాడా?"

"అది తెలుసుకుందామనే వచ్చినాను బావూ," అందామె.

అతను నాలుక కరుచుకున్నాడు. ఆ తర్వాత తలెత్తలేదు. మూడు ఫొటోలు, వల లాగుతున్న ఒక క్లిప్పు కలిపి, కింద ఆమె నంబరు వేశాడు. పాట పెట్టలేదు. చివరి ఫొటో మెల్లగా నల్లబడేసరికి ఆమె అతని చెయ్యి పట్టేసుకుంది.

"సీకటి సెయ్యకు బావూ. మొకం అలాగుండనీ."

ఆ చీకటి తీసేసి, వేటగాళ్ల గ్రూపుల్లోకి పంపాడు. ముగ్గురం ఆమె ఫోను వంకే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి అది మోగింది. ఆమె దాన్ని అతని ముందుకు తోసి, రెండు చెవులూ మూసుకుంది.